రెండు రోజుల శిక్షణ సరిపోతుందా?

ప్రశ్న: అమ్మా, నాకు 31 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. జనగామ దగ్గర తాతగారి రెండెకరాలు ఉన్నాయి. ప్రకృతి సేద్యం మీద రెండు రోజుల శిక్షణకు వెళ్లి నోట్సు నిండా రాసుకున్నాను. ఉద్యోగం మానేసి ఈ వానాకాలమే వరి వేయాలని ఉంది. వేయమంటారా?

జవాబు: బాబూ, ఈ ఏడాది వద్దు. ఉద్యోగం కూడా మానొద్దు. రసాయనాలు ఆపిన మొదటి ఒకట్రెండేళ్లు దిగుబడి తగ్గొచ్చు, అప్పుడు జీతమే ఆసరా. ముందు ఒక పంట కాలం వేరే రైతు పొలంలో పని చేయండి.

నేనూ మీలాగే రాసుకున్నాను. పొలానికి ఎరువుగా పోసే జీవామృతానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, మూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. లెక్క తప్పలేదు కానీ డ్రమ్ముకు మూత బిగించేశాను. మూడో రోజు కుళ్లు కంపు. నేను పని నేర్చుకుంటున్న పొలం పెద్దాయన దాన్ని పారబోయించి, గోనెపట్టా కప్పి నీడలో పెట్టమన్నారు. సరిగ్గా పులిస్తే దోసెల పిండిలాంటి వాసన వస్తుంది. అది ముక్కుకు తెలియాలి.

అసలు కష్టం కలుపు. గడ్డి మందు కొట్టం కాబట్టి చేత్తోనే తీయాలి. నాటిన ఇరవై రోజులకు మడిలో దిగాను. గంట తర్వాత పక్క సాలులో ఉన్న అవ్వ నా చేతిలోది చూసి, "బిడ్డా, నువ్వు పీకింది వరి. ఊదను ఇడిసిపెట్టినవ్" అంది. ఊద అంటే వరిలో మొలిచే కలుపు గడ్డి, అప్పటి వయసులో రెండూ ఒకేలా ఉంటాయి. ఆమె ఒక ఆకును వెనక్కి వంచి, కాడను కలిసే చోటు చూపించింది. వరికి అక్కడ తెల్లటి పలచని పొర నిలబడి ఉంటుంది. ఊదకు ఏమీ ఉండదు, నున్నగా ఉంటుంది. సాయంత్రానికల్లా చూడకుండానే వేళ్లు పట్టేశాయి. ఆ అవ్వ రుణం నేను తీర్చుకోలేను. శిక్షణల్లో పాఠం చెప్పాల్సింది అలాంటి వాళ్లే అని నా గట్టి నమ్మకం.

మీకు దూరం కూడా పోనక్కర్లేదు. మీ జనగామ జిల్లాలోనే ఏనెబావి ఉంది. 2006లోనే ఊరంతా సేంద్రియానికి మారిన గ్రామం అది. వెళ్లి పెద్దవాళ్లతో మాట్లాడండి, పనికి రానిస్తారేమో అడగండి. కుదరకపోతే దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లను అడిగితే రైతుల పేర్లు చెబుతారు. కూలి అడగొద్దు, మీ సద్ది మీరే కట్టుకెళ్లండి. సెలవులన్నీ నారు పోసే రోజు, నాట్లు, రెండు కలుపులు, కోతల కోసం దాచుకోండి. మిగతా పనులకు శని, ఆదివారాలు చాలు.

ఈలోగా మీ రెండెకరాలను బీడు పెట్టొద్దు. తొలకరికి పచ్చిరొట్ట ఎరువుగా జనుమో జీలుగో చల్లించి, పూతకు రాగానే, అంటే సుమారు 45 రోజులకు, కలియదున్నించండి.

ఒక్క మాట. నాట్లు తెల్లవారుజామునే మొదలవుతాయి. పొద్దున బస్సెక్కితే అందుకోలేరు, ముందు రోజు రాత్రికే ఊరు చేరుకోండి.