టెంప్లార్ నైట్ల నిధి, శాపం: ఎంతవరకు నిజం?

టెంప్లార్లు ఎవరు, వాళ్ల నిధి ఏమైంది, వాళ్ల పెద్ద పెట్టిన శాపం తగిలిందా అని అడిగారు. నిధి కథలో గోరంత ఆధారం ఉంది, శాపం కథలో అంత కూడా లేదు. లండన్‌లో మా ఆఫీసు ఫ్లీట్ స్ట్రీట్‌కి దగ్గర. మధ్యాహ్నం భోంచేసి, ఒకప్పుడు టెంప్లార్లదైన టెంపుల్ చర్చి దాకా నడిచి రావడం అలవాటు, ఈ పిచ్చి అక్కడే పట్టుకుంది.

1119 ప్రాంతంలో యూగ్ ద పేయాన్ అనే ఫ్రెంచి నైటు, అతనితో కొందరు, జెరూసలేం వచ్చే యాత్రికులకు కాపలా కాస్తామని ఒట్టేసుకున్నారు. జెరూసలేం రాజు రెండవ బాల్డ్విన్ వాళ్లకి అల్ అక్సా మసీదులో చోటిచ్చాడు. క్రూసేడర్లు, అంటే జెరూసలేం కోసం ముస్లింలతో యుద్ధాలు చేసిన యూరప్ క్రైస్తవులు, దాన్ని సొలొమోను దేవాలయం (టెంపుల్) అనుకునేవారు, అలా టెంప్లార్లన్న పేరు. బతుకంతా సన్యాసం: పెళ్లి లేదు, సొంత ఆస్తి లేదు, మాంసం మామూలుగా వారానికి మూడు రోజులే. సింహాన్ని తప్ప దేన్నీ వేటాడకూడదు. కన్నతల్లిని కూడా ముద్దు పెట్టుకోకూడదు! 1139లో పోప్ రెండవ ఇన్నొసెంట్, వీళ్లు తనకి తప్ప ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదని ఆజ్ఞ ఇచ్చాడు. తర్వాత వచ్చిన చిక్కుల్లో సగం ఇక్కడే మొదలయ్యాయి.

యూరప్ అంతా వాళ్లకి భూములు రాసిచ్చింది. లండన్‌లో డబ్బు కట్టి చీటీ తీసుకుని, దాన్ని జెరూసలేం వైపు చూపించి సొమ్ము తీసుకోవచ్చు. మన షావుకార్ల హుండీ లాంటిదే. ఫ్రాన్సు రాజుగారి ఖజానా కూడా పారిస్‌లో వాళ్ల కోటలోనే ఉండేది.

1291లో, అక్కడ క్రూసేడర్లకి మిగిలిన పెద్ద కోట ఏకర్ నగరం ముస్లిం సైన్యాల చేతికి పోయింది. కాపలా కాయడానికి యాత్రామార్గమే లేదు, ఆస్తులు మాత్రం అలాగే ఉన్నాయి. ఫ్రాన్సు రాజు నాలుగవ ఫిలిప్ డబ్బు కోసం నాణేల్లో వెండి తగ్గించి చూశాడు, 1306లో యూదుల్ని వెళ్లగొట్టి వాళ్ల ఆస్తి లాక్కున్నాడు, అయినా చాల్లేదు. 1307 అక్టోబరు 13, శుక్రవారం తెల్లవారుజామున దేశమంతటా టెంప్లార్లను ఒకేసారి పట్టుకున్నారు. ఉత్తర్వులు నెల ముందే రహస్యంగా వెళ్లాయి. సిలువ మీద ఉమ్మారని, ఏదో తలని పూజించారని నేరాలు మోపి, చిత్రహింసలు పెట్టి ఒప్పించారు. 1310 మే నెలలో పారిస్‌లో 54 మందిని ఒకేరోజు కాల్చేశారు, వీళ్లలో ఎక్కువమంది చేసిన తప్పల్లా ముందు ఒప్పుకున్నది తర్వాత కాదనడమే. పోప్ పంపిన కార్డినళ్లు 1308లో షినోన్ కోటలో ఆఖరి పెద్ద జాక్ ద మొలేని విచారించి క్షమించినట్టు రాసిన పత్రం ఉంది. అది వాటికన్ భాండాగారంలో మరుగునపడి 2001లో బయటపడింది.

ఇక నిధి. ఊళ్లోంచి వచ్చిన మా బావగారిని చర్చికి తీసుకెళ్తే, అంతా చూసి, "ఇంతకీ బంగారం ఎక్కడ దాచారోయ్?" అన్నారు. అసలు ఆస్తి అంతా పొలాలు, ఇళ్లు, మిల్లులు. వాటిని ఎత్తుకుపోయి ఎక్కడ దాస్తారు? 1312లో సంస్థను రద్దు చేసి అవన్నీ హాస్పిటలర్లు అనే మరో నైట్ల సంఘానికి ఇచ్చేశారు. ఒక టెంప్లారు తన వాంగ్మూలంలో, ఒక నాయకుడు 18 ఓడలతో సముద్రం మీద పారిపోయాడని విన్నానన్నాడు. ఆ విన్న మాటకే చిలవలు పలవలు పుట్టి స్కాట్లాండు దాకా, అమెరికా దాకా వెళ్లాయి. పోర్చుగల్లో మాత్రం ఆస్తి నిజంగానే పేరు మార్చుకుంది: 1319లో అక్కడి రాజు దానితో ఆర్డర్ ఆఫ్ క్రైస్ట్ పెట్టించాడు. 1498లో కాలికట్ వచ్చిన వాస్కో డ గామా ఓడల తెరచాపల మీది ఎర్ర సిలువ ఆ సంఘానిదే.

శాపం సంగతి. 1314 మార్చిలో మొలేని సేన్ నది మధ్య చిన్న లంకలో కాల్చారు. ఏప్రిల్లో పోప్ ఐదవ క్లెమెంట్, నవంబరులో ఫిలిప్ పోయారు. క్లెమెంట్ అప్పటికి చాలాకాలంగా జబ్బు మనిషి. కాకతాళీయం అంతే. ఏడాదిలోగా దేవుడి ముందు నిలబెడతానని మొలే వాళ్ల పేర్లు పెట్టి పిలిచాడన్నది తర్వాత అల్లిన మాట. పదమూడో తేదీ శుక్రవారమైతే అశుభమనే పాశ్చాత్యుల భయాన్ని ఆనాటి అరెస్టులకి ముడిపెట్టడమైతే మరీ ఈమధ్యది.

లండన్ వస్తే చర్చి తప్పక చూడండి. 1185లో జెరూసలేం పాట్రియార్క్ (అక్కడి క్రైస్తవ మతపెద్ద) హెరాక్లియస్ ప్రతిష్ఠించిన గుండ్రటి కట్టడం. నేలమీద రాతి నైట్లు పడుకుని ఉంటారు, 1941 బాంబుదాడి మంటల్లో బాగా దెబ్బతిన్నారు. కాలిమీద కాలు వేసుకుంటే క్రూసేడరని పక్కవాళ్లకి ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు, నమ్మకండి. వాళ్లలో ఒకడైన ఇంగ్లీషు ప్రభువు విలియం మార్షల్ చనిపోయే ముందు టెంప్లారుగా చేరాడు గానీ, ఈ బొమ్మలన్నీ టెంప్లార్లవి కావు. మెట్లదారిలో తప్పుచేసిన సభ్యుల్ని పెట్టేవారని చెప్పే కొట్టు ఉంది, ఐదడుగులు కూడా లేదు, కాళ్లు చాపుకునే వీలుండదు. చుట్టుపక్కలంతా ఇప్పుడు లాయర్ల ఆఫీసులే. గాంధీగారు 1891లో బారిస్టరయింది ఇక్కడి ఇన్నర్ టెంపుల్ అనే లాయర్ల సంఘం నుంచే. చర్చికి టికెట్ ఉంది, తెరిచే వేళలు మారుతుంటాయి, వెబ్‌సైట్ చూసుకుని బయల్దేరండి.