మీ ప్రశ్న – మా జవాబు: పర్డ్యూ నంబర్ వన్ అంటే కప్పు వచ్చేసినట్టేనా?

ప్రశ్న: మా అబ్బాయి 2025 ఆగస్టులో ఎం.ఎస్.కి అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీకి వెళ్లాడు. ఇప్పుడు ఎప్పుడు ఫోన్ చేసినా "నాన్నా, బాస్కెట్‌బాల్‌లో మన టీమ్ నంబర్ వన్" అంటున్నాడు. సీజన్ ఇంకా మొదలవలేదంటాడు, మరి ఆడకుండానే నంబర్ వన్ ఎలా అయ్యారండీ?
– ఒక తండ్రి, ఎంవీపీ కాలనీ

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమేనండీ. ఏటా అక్టోబర్‌లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ అరవై మందికి పైగా క్రీడా విలేకరుల చేత ఓట్లు వేయించి మొదటి 25 కాలేజీ జట్ల జాబితా ఇస్తుంది, 2025-26 సీజన్‌కి అందులో పర్డ్యూ మొదటి స్థానంలో ఉంది. సీజన్‌కి ముందు ఆ స్థానం దక్కడం ఆ యూనివర్సిటీకి ఇదే మొదటిసారి, అక్కడి పిల్లల ఆనందానికి కారణం అదే.

ఎందుకు ఇచ్చారంటే, వెళ్లిపోకుండా ఉన్నవాళ్లని చూసి ఇచ్చారు. బ్రేడెన్ స్మిత్, ఫ్లెచర్ లోయర్, ట్రే కాఫ్‌మన్-రెన్ ముగ్గురూ కలిసి ఆడబోయే నాలుగో సీజన్ ఇది. 2023లో సీజన్ చివర జరిగే జాతీయ టోర్నమెంట్‌లో (కప్పు ఇచ్చేది అందులోనే) టాప్ సీడ్‌గా, అంటే బలమైన జట్లలో ఒకటిగా దిగి, అట్టడుగు 16వ సీడ్ ఫెయిర్లీ డికిన్సన్ చేతిలో తొలి రౌండ్‌లోనే ఓడిపోయినప్పుడు జట్టులో ఉన్నది వీళ్లే, ఆ మరుసటి ఏడాదే ఫైనల్ దాకా వెళ్లి కనెక్టికట్ చేతిలో 75-60తో ఓడిందీ వీళ్లే. ఇప్పుడు కాలేజీ ఆటలో ఇలా ఉండిపోవడం చాలా అరుదైపోయింది. 2021 నుంచి ఆటగాడు ఒక ఏడాది ఖాళీగా కూర్చోకుండానే ఇంకో కాలేజీకి మారిపోవచ్చు, బ్రాండ్ల ఒప్పందాలతో డబ్బూ సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో 2025-26లో ఒక్కో యూనివర్సిటీ తన క్రీడాకారులందరికీ కలిపి ఏడాదికి సుమారు 2.05 కోట్ల డాలర్ల వరకు నేరుగా ఇవ్వచ్చు. అందుకే పెద్ద జట్లు కొన్ని వేసవి దాటేసరికి గుర్తుపట్టలేనంతగా మారిపోతున్నాయి. అలాంటి రోజుల్లో ముగ్గురు సీనియర్లు ఒకే చోట నిలబడ్డారంటే నాకు చాలా గౌరవం అనిపిస్తుంది.

ప్రశ్న: అయితే ఈసారి పర్డ్యూనే గెలుస్తుందా? లేకపోతే మీరు ఎవరి పేరు చెప్తారు?
– డిగ్రీ విద్యార్థిని, మద్దిలపాలెం

జవాబు: ర్యాంకుని నమ్ముకుని మాత్రం చెప్పలేనమ్మా. సీజన్‌కి ముందు మొదటి స్థానంలో ఉండి చివరికి కప్పు కూడా కొట్టిన ఆఖరి జట్టు 2008-09 నార్త్ కరోలినా. అదే నార్త్ కరోలినా 2022-23లో నంబర్ వన్‌గా మొదలుపెట్టి అసలు టోర్నమెంట్‌కే ఎంపిక కాలేదు, 64 జట్ల పద్ధతి వచ్చిన 1985 తర్వాత అలా జరగడం అదే మొదలు. ఆ ఏడాది గెలిచిన కనెక్టికట్ ముందు జాబితాలోనే లేదు. 2024-25 సీజన్‌లో కాన్సస్ మొదటి స్థానంలో ఉంటే గెలిచిన ఫ్లోరిడా 21లో ఉంది.

నేను చూసేది ఒకటే, బంతి చేతిలో పట్టుకుని ఆట నడిపే గార్డులు పాతవాళ్లేనా కాదా అని. ఆ లెక్కలో పర్డ్యూ పక్కనే హ్యూస్టన్ ఉంటుంది. 2025 ఏప్రిల్‌లో శాన్ ఆంటోనియోలో ఫైనల్ ఆఖరి క్షణాల్లో హ్యూస్టన్ ఆటగాడు ఇమాన్యుయెల్ షార్ప్ షాట్ కోసం ఎగిరాడు, ఫ్లోరిడా గార్డు వాల్టర్ క్లేటన్ మీదకి వచ్చేసరికి వేయలేక గాల్లోనే బంతి వదిలేశాడు, మళ్లీ ముట్టుకుంటే ట్రావెలింగ్ (బంతి పట్టుకుని రూలుకి విరుద్ధంగా కదలడం) అవుతుంది కాబట్టి బంతి కళ్లముందే దొర్లుతున్నా చూస్తూ నిలబడిపోయాడు. 65-63తో ఓడిపోయారు. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అదే షార్ప్ మళ్లీ హ్యూస్టన్‌కే ఆడుతున్నాడు, తోడుగా మిలోష్ ఉజాన్, జోజో టగ్లర్ ఉన్నారు, కోచ్ కెల్విన్ శాంప్సన్ ఉన్నారు. ఒక్క పేరే చెప్పమంటే నేను హ్యూస్టన్ అంటాను.

పర్డ్యూ మీద నాకున్న టెన్షన్ రింగ్ దగ్గర డిఫెన్స్. పోయినేడాది అక్కడ బాగా దెబ్బతిన్నారు. అందుకే సౌత్ డకోటా స్టేట్ నుంచి ఆస్కార్ క్లఫ్‌ని తెచ్చుకున్నారు, కాలు విరిగి దాదాపు సీజన్ మొత్తం పోగొట్టుకున్న పొడగరి డేనియల్ జేకబ్సన్ కూడా తిరిగొస్తున్నాడు. ఫ్లోరిడాకి పొడవాటి ఆటగాళ్లు అలాగే ఉన్నారు గానీ గార్డులు కొత్తవాళ్లు.

కొత్త కుర్రాళ్లలో డారిన్ పీటర్సన్ (కాన్సస్), ఏజే డిబాన్సా (బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ), క్యామెరాన్ బూజర్ (డ్యూక్) ఆట తప్పకుండా చూడు, కానీ మొదటి ఏడాది పిల్లల మీదే ఆధారపడి కప్పు కొట్టడం 2012 కెంటకీ, 2015 డ్యూక్ లాంటి జట్లకే కుదిరింది.

ప్రశ్న: మన టైమ్ ప్రకారం ఎప్పుడు చూడాలి?
– సీతమ్మధార నుంచి ఒక పాఠకుడు

జవాబు: 2025 నవంబర్ 3న మొదలు. అక్కడ తూర్పు తీరంలో రాత్రి ఏడు గంటల ఆట చలికాలంలో మనకి మర్నాడు తెల్లవారుజామున 5.30కి, బీచ్‌కి నడకకి వెళ్లేవాళ్లు ఒక హాఫ్ చూసి బయల్దేరచ్చు. ఫైనల్ 2026 ఏప్రిల్ 6న ఇండియానాపొలిస్‌లో, మనకి మంగళవారం పొద్దున్నే. పర్డ్యూ ఉన్న వెస్ట్ లాఫయెట్ నుంచి ఆ ఊరు విశాఖ నుంచి తుని అంత దూరం, అంతే.

ప్రశ్న: నేను పీఈటీని. మా ఇంటర్ పిల్లలు ఈ ఆటలు చూస్తే ఏం గమనించమని చెప్పాలి?
– గాజువాక

జవాబు: మాస్టారూ, ముందు ఒక తేడా చెప్పండి. అక్కడ మగపిల్లల ఆట 20 నిమిషాల చొప్పున రెండు హాఫ్‌లు, షాట్ క్లాక్ (బంతి దొరికాక షాట్ వేయడానికి గడువు) 30 సెకన్లు. మనం ఆడేది పది నిమిషాల క్వార్టర్లు నాలుగు, 24 సెకన్లు. కాబట్టి వాళ్లంత నిదానంగా ఆట కట్టే టైమ్ మన పిల్లలకి ఉండదు.

ఇక బ్రేడెన్ స్మిత్‌ని చూపించండి. ఆరడుగులవాడు, ఆ స్థాయిలో పొట్టివాడి కిందే లెక్క. కాఫ్‌మన్-రెన్ వచ్చి స్క్రీన్ పెట్టగానే (స్మిత్‌ని కాసేవాడి దారికి అడ్డంగా నిలబడగానే) స్మిత్ రింగ్ వైపు దూసుకుపోడు, ఒక అడుగు ఆగి తనని కాసేవాడిని వీపు వెనకే ఉంచుకుని, ఎదురుగా వచ్చే సెంటర్ ఎటు కదులుతాడో చూసి అప్పుడు పాస్ ఇస్తాడు. 1993 నుంచి డ్యూక్ ఆటగాడు బాబీ హర్లీ పేరిట ఉన్న 1,076 అసిస్టుల (తోటివాడి బుట్టకి దారితీసిన పాస్‌ల) రికార్డుని 2025-26 సీజన్‌లో దాటే అవకాశం ఉన్నవాడు. హ్యూస్టన్ ఆడుతుంటే మాత్రం బంతి వైపు చూడద్దనండి. స్క్రీన్ పడగానే ఇద్దరు కలిసి బంతి ఉన్నవాడి మీదకి ఎలా వెళ్తున్నారో, మిగతా ముగ్గురు ఆ ఖాళీని ఎలా మూస్తున్నారో చూడమనండి, తర్వాత సాయంత్రం గ్రౌండ్‌లో ముగ్గురు డిఫెన్స్, నలుగురు అటాక్‌గా పెట్టి అదే పావుగంట ఆడించండి.