గాజు కిటికీల హార్డ్‌విక్ హాల్

ప్రశ్న: ఇంగ్లండులోని డార్బీషైర్‌లో ఉన్న హార్డ్‌విక్ హాల్‌కు అంత పెద్ద కిటికీలు ఎందుకు పెట్టారు? అంత గాజుతో భవనం ఎలా నిలబడింది?

జవాబు: నాలుగో భర్త, ప్రభువైన ష్రూస్‌బరీ ఎర్ల్ 1590లో మరణించాక, దేశంలోని అత్యంత సంపన్న మహిళల్లో ఒకరైన బెస్ ఆఫ్ హార్డ్‌విక్ దీన్ని కట్టించి 1597లో గృహప్రవేశం చేశారు. గాజు చాలా ఖరీదైన ఆ కాలంలో కిటికీ ఎంత పెద్దదైతే యజమాని వైభవం అంత దూరానికి కనిపించేది. రూపకర్తగా భావించే రాబర్ట్ స్మిత్‌సన్ పొగగొట్టాలను చాలావరకు లోపలి గోడల్లో ఇమిడ్చి, భారాన్ని ఆ మందపాటి గోడలపైనే మోపి, వెలుపలి గోడలను కిటికీలకు వదిలిపెట్టడం నిజంగా గొప్ప నేర్పు.

అంతస్తు పెరిగేకొద్దీ కిటికీల ఎత్తూ పెరుగుతుంది. ఎందుకంటే రాచమర్యాదల గదులన్నీ పై అంతస్తులోనే ఉన్నాయి. అక్కడి కొలువు గదిలో గోడల పైభాగాన, అడవి చెట్ల నడుమ పరివారంతో కొలువైన డయానా దేవతను సున్నపు గచ్చుతో ఉబ్బెత్తుగా మలచి రంగులద్దారు. ఆరు బురుజుల శిఖరాలపై బెస్ పూర్తి పేరైన ఎలిజబెత్ ష్రూస్‌బరీలోని ఈ, ఎస్ అక్షరాలను రాతిలో చెక్కించారు. 1608లో ఆమె మరణించాక వారసులు తమ మరో భవంతి అయిన చాట్స్‌వర్త్‌నే ప్రధాన నివాసం చేసుకోవడంతో, కొత్త పోకడల మార్పులు సోకక ఇది చాలావరకు ఆనాటి రూపంలోనే మిగిలింది. 1959 నుంచి చారిత్రక కట్టడాలను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ దీని సంరక్షణ చూస్తోంది.