బేజియన్ గణాంకాలు: టీకా లెక్కతో మొదలుపెట్టండి

ప్రశ్న: పబ్లిక్ హెల్త్‌లో పీజీ చేస్తున్నాను. పీ-వాల్యూలు, లాజిస్టిక్ రిగ్రెషన్ వచ్చు, ఆర్ (గణాంకాల సాఫ్ట్‌వేర్) కొద్దిగా తెలుసు. ఆరోగ్య పరిశోధనకు పనికొచ్చేంత బేజియన్ పద్ధతులు నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? లెక్కలు బాగా రావాలా?

జవాబు: మీకున్న లెక్కలు చాలు. బేజియన్ అంటే ముందున్న అంచనాను డేటాతో సవరించుకోవడం. ఇంటెగ్రేషన్ కంప్యూటర్ చూసుకుంటుంది. సంభావ్యత, లాగరిథమ్ మాత్రం తడుముకోకుండా రావాలి.

ముందు 2020 నాటి ఫైజర్-బయోఎన్‌టెక్ కోవిడ్ టీకా ట్రయల్ తీసుకోండి. దాని ప్రధాన విశ్లేషణ బేజియన్‌దే. టీకా వర్గంలో 8 కేసులు, ప్లాసిబో వర్గంలో 162. మొత్తం కేసుల్లో టీకా వర్గం వాటాకు వాళ్లు పెట్టుకున్న ప్రయర్ (డేటా చూడకముందు అంచనా) బీటా(0.700102, 1). 0–1 మధ్య ఉండే వాటాలకు వాడే డిస్ట్రిబ్యూషన్ ఇది. కేసులు కలిపితే పోస్టీరియర్ (డేటా చూశాక అంచనా) బీటా(8.700102, 163). కూడికే, ఇంకేమీ లేదు. ఆర్‌లో క్యూబీటా ఫంక్షన్‌తో 2.5, 97.5 శాతం హద్దులు తీయండి. రెండు వర్గాలనూ సమాన కాలం గమనించారనుకుని, ఆ వాటా ‘వ’ను (1−2వ)/(1−వ)లో వేస్తే టీకా సామర్థ్యం వస్తుంది. ప్రచురితమైన 90.3–97.6 శాతానికి మీ జవాబు దగ్గరగా ఉండాలి. హద్దులు తారుమారైనట్టు కనిపిస్తే కంగారుపడకండి, వాటా పెరిగితే సామర్థ్యం తగ్గుతుంది కదా.

తర్వాత మీకు తెలిసిన లాజిస్టిక్ రిగ్రెషన్‌నే బీఆర్ఎంఎస్ అనే ఆర్ ప్యాకేజీలో చేయండి. అది స్టాన్ అనే బేజియన్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది కాబట్టి సీ ప్లస్ ప్లస్ కంపైలర్ కావాలి. విండోస్‌లో ఆర్‌టూల్స్ వేసుకోకపోతే మొదటిరోజే ఆగిపోతారు.

అసలు చిక్కు ప్రయర్‌ దగ్గర. ‘ఏమీ తెలియదు, వెడల్పుగా పెడదాం’ అని కోఎఫిషెంట్‌కు సగటు 0, ఎస్‌డీ (ప్రామాణిక విచలనం) 10 ఉన్న నార్మల్ డిస్ట్రిబ్యూషన్ పెడతారు. అది లాగ్-ఆడ్స్ కొలమానం, అంటే జరిగే, జరగని సంభావ్యతల నిష్పత్తికి (ఆడ్స్‌కు) లాగరిథమ్. అంటే మందు వేస్తే ఆడ్స్ 30 కోట్ల రెట్లు పెరిగినా మీకు ఆశ్చర్యం లేదన్నమాట! ఎస్‌డీ 1 పెడితే ఆడ్స్ రేషియో 95 శాతం సంభావ్యతతో 0.14–7 మధ్య ఉంటుంది. చాలా మందులకు ఇదే ఉదారం. డేటా కలపకముందే ప్రయర్‌తో ఉత్తుత్తి రోగులను సృష్టించి చూస్తే ఇలాంటివి ఇట్టే దొరుకుతాయి.

ఫలితం చదివేముందు ఆర్-హ్యాట్ (విడివిడిగా నడిచిన సిమ్యులేషన్లు ఒకే జవాబుకు చేరాయా చెప్పే కొలత) 1.01 లోపు, ప్రభావవంతమైన శాంపిల్ సంఖ్య (ఎన్ని స్వతంత్ర శాంపిళ్లకు సమానమో) 400 పైన ఉన్నాయా చూడండి. డైవర్జెన్స్ (సిమ్యులేషన్ దారి తప్పిందనే) హెచ్చరిక వస్తే ఇటరేషన్లు పెంచి లాభం లేదు. సిమ్యులేషన్ చిన్న అడుగులు వేసేలా చేసే అడాప్ట్ డెల్టా సెట్టింగ్‌ను 0.8 నుంచి 0.99కి పెంచండి. అప్పటికీ పోకపోతే తప్పు మోడల్‌లోనే ఉండొచ్చు. నాలుగైదు ఆసుపత్రుల డేటాకే ర్యాండమ్ ఎఫెక్ట్ (ఆసుపత్రుల మధ్య తేడాలను పట్టే పదం) వేసి, దాని ఎస్‌డీకి వదులు ప్రయర్ ఇచ్చినప్పుడు తరచూ ఇలా అవుతుంది.

వారానికి ఆరు గంటలు కేటాయిస్తే ఆరు నెలలు పడుతుంది. ఉద్యోగ ఇంటర్వ్యూకి సర్టిఫికెట్ల కన్నా, ప్రచురితమైన ఒక ట్రయల్‌ను ఆశావహ, తటస్థ, సందేహ ప్రయర్లు మూడింటితో మళ్లీ విశ్లేషించిన నివేదిక పట్టుకెళ్లండి. ప్రతి ప్రయర్‌కూ కారణం అందులో ఒక్క వాక్యంలో రాయండి. ప్యానెల్ ముందుగా అడిగేది దాని గురించే.