డబ్బు కట్ అయ్యాక రేటు పెరిగిందంటే ఊరుకోవాలా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది కరీంనగర్. మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. పురుడు పోయడానికి నేను, మా వారు వెళ్లాలని రెండు వారాలు రోజూ రాత్రి ఫోన్‌లో టికెట్ల రేట్లు చూశాం. పూటకో రేటు. చివరికి ఒక ట్రావెల్ వెబ్‌సైట్‌లో మనిషికి రూ.71,200 కనిపిస్తే పేర్లు, పాస్‌పోర్ట్ నంబర్లు అన్నీ నింపాం. డబ్బు కట్టే పేజీకి వచ్చేసరికి కన్వీనియెన్స్ ఫీజు రూ.2,360, మేము అడగని ట్రావెల్ ఇన్సూరెన్స్ రూ.2,598 కలిసి మొత్తం రూ.1,47,358 అయింది. సరేలే అని కార్డుతో కట్టాం. బ్యాంకు నుంచి మెసేజ్ కూడా వచ్చింది. ముప్పావు గంట తర్వాత ‘రేటు మారింది, ఇంకో రూ.18,600 కడితేనే టికెట్, లేకుంటే బుకింగ్ రద్దు’ అని మెయిల్ పంపారు. మేము కట్టలేదు. పదకొండో రోజున రూ.1,42,400 వెనక్కి వేశారు. మిగతా రూ.4,958 రాదన్నారు. ఈలోగా రేట్లు ఇంకా పెరిగి, మా ఊళ్లో ఏజెంట్ దగ్గర ఇద్దరికీ రూ.1,67,000 పెట్టి కొన్నాం. ఈ తేడా రాబట్టుకోవచ్చా? అమ్మాయి అక్కడ చూస్తే అదే విమానానికి ఇంకో రేటు ఉంది. అది తప్పు కాదా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో మూడు బాధలు కలిసిపోయాయి. రోజూ మారే రేటు ఒకటి, పేజీ మారేకొద్దీ పెరిగిన రేటు ఇంకొకటి, మీ డబ్బు తీసుకున్నాక పెంచిన రేటు మరొకటి. మొదటిదానికి చట్టంలో మందు లేదు. రెండోదానికి ఉంది. మూడోదే మీ అసలు కేసు, మీ ఓపికంతా దాని మీదే పెట్టండి.

మన దేశంలో 1994 నుంచి విమాన టికెట్ల రేట్లు ఎయిర్‌లైన్సే పెట్టుకుంటున్నాయి. బస్సు చార్జీలా ప్రభుత్వం ఖరారు చేసిన రేటు అంటూ లేదు. ఒకే విమానంలో ఎకానమీ సీట్లను కూడా రకరకాల రేట్ల కింద విడగొట్టి అమ్ముతారు. చౌక రేటు కింద పెట్టినవి అయిపోతే తర్వాతి మెట్టు రేటు మొదలవుతుంది. పైగా వెబ్‌సైట్ వెతికినప్పుడు మొదట చూపించేది చాలాసార్లు కొంతసేపటి కిందట దాచిపెట్టుకున్న రేటు. మీరు పేర్లు నింపి ముందుకు వెళ్లినప్పుడే అది ఎయిర్‌లైన్ సిస్టమ్‌ను నిజంగా అడుగుతుంది.

దీనివల్ల మామూలు జనం ఎలా నష్టపోతారో మా ఇంట్లోనే చూశాను. మా తమ్ముడి కుటుంబానికి నాలుగు టికెట్లు వెతుకుతూ, ఎందుకో అనుమానం వచ్చి ఒక్కరికే వెతికాను. మనిషి రేటు దాదాపు ఆరు వేలు తగ్గింది. చౌక రేటులో రెండే సీట్లు మిగిలి ఉన్నాయి. నలుగురికీ కలిపి అడిగితే నలుగురికీ పై మెట్టు రేటే చూపిస్తోంది. ఇద్దరికి ఒకసారి, ఇద్దరికి ఒకసారి బుక్ చేశాం. అయితే ఇలా విడగొడితే పీఎన్‌ఆర్‌లు, అంటే బుకింగ్ నంబర్లు, వేరవుతాయి. విమానం మారినా, రద్దయినా అందరినీ ఒకేసారి సర్దుబాటు చేయకపోవచ్చు. పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే ఆ ఆరు వేలకు ఆశపడొద్దని నా మాట.

మీ అమ్మాయికి వేరే రేటు కనిపించడం కూడా దానంతట అదే నేరం కాదు. ఏ దేశంలో, ఏ కరెన్సీలో అమ్ముతున్నారన్నదాన్ని బట్టి ఎయిర్‌లైన్ రేటు మార్చుకోవచ్చు. అయితే అక్కడ కొనడంలో ఒక లాభం ఉంది, ఇంకోసారికి గుర్తుంచుకోండి. అమెరికా రవాణా శాఖ నిబంధనల ప్రకారం 2012 నుంచి ప్రకటించే రేటులో పన్నులు, తప్పనిసరి చార్జీలు అన్నీ కలిపి చూపాలి. ఇన్సూరెన్స్ లాంటివి ముందే టిక్ పెట్టి అంటగట్టకూడదు. ప్రయాణానికి వారం లేదా అంతకన్నా ముందు కొంటే ఎయిర్‌లైన్ 24 గంటల్లోగా జరిమానా లేకుండా రద్దు చేసుకోనివ్వాలి, లేదా డబ్బు కట్టకుండానే ఆ రేటును 24 గంటలు ఆపి ఉంచాలి. ఈ 24 గంటల నిబంధన ఎయిర్‌లైన్ దగ్గర నేరుగా కొన్నవాళ్లకే. మధ్యలో ఉండే ట్రావెల్ వెబ్‌సైట్లకు వర్తించదు.

ఇక పేజీ పేజీకి పెరిగిన సంగతి. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ‘డార్క్ ప్యాటర్న్స్’ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లను ఏమార్చే 13 పద్ధతులను పేరు పెట్టి మరీ నిషేధించింది. అందులో ఒకటి, మనం అడగని వస్తువును బిల్లులో చేర్చడం. దానికి వాళ్లిచ్చిన ఉదాహరణ ఏమిటో తెలుసా? విమాన టికెట్ కొంటుంటే ట్రావెల్ ఇన్సూరెన్స్ దానంతట అదే చేరిపోవడం. అచ్చం మీకు జరిగినదే. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు కూడా కొనుగోలుదారు సమ్మతిని ముందే టిక్ పెట్టిన గడితో తీసుకోకూడదంటాయి. ‘మీరు చూసుకుని టిక్ తీసేయాల్సింది’ అని వాళ్లంటే ఆ మాట నిలబడదు.

అసలు విషయానికి వస్తాను. వెబ్‌సైట్‌లో కనిపించే రేటు చట్టం దృష్టిలో ‘వచ్చి కొనండి’ అనే పిలుపు మాత్రమే. ఆ రేటుకే ఇచ్చి తీరాలని అక్కడికక్కడ పట్టుబట్టలేం. కానీ మీరు ఒప్పుకున్నారు, వాళ్లు మొత్తం డబ్బు తీసుకున్నారు. ఆ తర్వాత పరిస్థితి మారిపోతుంది. చివరి పేజీలో చూపిన మొత్తం కంటే ఎక్కువ వసూలు చేయడాన్ని కూడా ఆ మార్గదర్శకాలు నిషేధించిన పద్ధతుల్లో చేర్చాయి. దానికీ విమాన టికెట్‌నే ఉదాహరణగా ఇచ్చాయి.

వాళ్ల లాయర్ ఏమంటాడో ఇప్పుడే చెబుతాను. ‘టికెట్ జారీ అయితేనే బుకింగ్ ఖాయం అని మా షరతుల్లో ఉంది’ అంటాడు. ‘రేటు మార్చింది ఎయిర్‌లైన్, మేం కాదు’ అంటాడు. రెండో వాదనకు కొంత బలం ఉంది. మూడో వ్యక్తి వల్ల రేటు మారితే ఆ మేరకు వెబ్‌సైట్‌ను బాధ్యుణ్ని చేయలేమని ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. కాబట్టి రేటు ఎందుకు పెరిగిందని వాదించకండి. ముప్పావు గంట ఏం చేశారని అడగండి. నా డబ్బు మీకు చేరింది ఎన్ని గంటలకు, టికెట్ జారీకి ఎయిర్‌లైన్‌కు మీరు పంపింది ఎన్ని గంటలకు, రేటు మారిందని ఎయిర్‌లైన్ మీకు చెప్పింది ఎన్ని గంటలకు? ఈ మూడు సమయాలు వాళ్ల సిస్టమ్‌లో ఉంటాయి. మీ చేతిలో బ్యాంకు మెసేజ్, వాళ్ల మెయిల్, రెండింటి మీదా సమయం ఉంది. మధ్యలో వాళ్లు నిద్రపోతే అది ఎయిర్‌లైన్ తప్పు కాదు, వాళ్ల సేవాలోపం. ఆ ప్రశ్నకు కాగితం చూపించకపోతే, రేపు కేసు వేస్తే వినియోగదారుల కమిషన్ మీ వైపు మొగ్గడానికి అదే కారణమవుతుంది.

పట్టుకున్న రూ.4,958 విషయంలో నాకు పెద్దగా సందేహం లేదు. జారీ కాని టికెట్‌కు ఇన్సూరెన్స్ దేనికి? ఇవ్వని సేవకు ఫీజు ఏమిటి? మీరు రద్దు చేసుకోలేదు, వాళ్లే చేశారు. తేడా సొమ్ము రూ.19,642 మాత్రం గ్యారంటీగా వస్తుందని చెప్పి మిమ్మల్ని ఆశపెట్టను. ఒప్పందం తప్పినవాళ్లు నష్టపరిహారం ఇవ్వాలనే 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 73వ సెక్షన్ కింద అడగవచ్చు. కానీ మీరు తర్వాత కొన్నవి అదే దారిలో, దాదాపు అదే తేదీల్లో, ఎకానమీ టికెట్లే అని చూపించాలి. ఏజెంట్ ఇచ్చిన బిల్లు భద్రంగా ఉంచండి.

ఇప్పుడు చేయాల్సింది. ఆ వెబ్‌సైట్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, మెయిల్ వాళ్ల పేజీలో ఉండి తీరాలి. ఆయనకు ఇంతే రాయండి: ‘ఫలానా తేదీ రాత్రి ఇన్ని గంటలకు నా కార్డు నుంచి రూ.1,47,358 తీసుకున్నారు. ఇన్ని గంటలకు రేటు పెంచి, నా తప్పు లేకుండా బుకింగ్ రద్దు చేశారు. అడగని ఇన్సూరెన్స్‌తో కలిపి పట్టుకున్న రూ.4,958, వేరే టికెట్లకు నాకు పడిన అదనపు ఖర్చు రూ.19,642 చెల్లించండి. టికెట్ జారీ ప్రయత్నాల వివరాలు సమయంతో సహా పంపండి.’ కోపం, శాపనార్థాలు వద్దు. మీ ఫిర్యాదు అందినట్టు వాళ్లు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. అదే రోజు 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించండి. చిన్న మొత్తాలు చాలాసార్లు అక్కడే వెనక్కి వస్తాయి. కార్డు ఇచ్చిన బ్యాంకులో కూడా ఆ రూ.4,958 మీద డిస్ప్యూట్ (ఈ చార్జీ ఒప్పుకోనని అభ్యంతరం) వేయండి. దానికి గడువు తక్కువ, ఆలస్యం చేయకండి.

అప్పటికీ కదలకపోతే కరీంనగర్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. ఆ కంపెనీ ఆఫీసు ఏ మహానగరంలో ఉన్నా సరే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే వేయవచ్చు. రూ.5 లక్షల లోపు లావాదేవీకి ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. ఒక మెలిక చెబుతాను. వాళ్ల షరతే అన్యాయమైన ఒప్పందం అని కొట్టేయించాలంటే రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి, జిల్లా కమిషన్‌కు ఆ అధికారం లేదు. అందుకని మీ ఫిర్యాదులో సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అనే మాటలే వాడండి. స్క్రీన్‌షాట్లతో పాటు, అవి ఫలానా ఫోన్ నుంచి తీసినవేనని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేస్తే అభ్యంతరాలకు తావుండదు. స్క్రీన్‌షాట్లు మీ వారి ఫోన్‌లో ఉంటే ఆ ఫోన్ మార్చకండి, రీసెట్ చేయకండి.

ఏజెంట్ ఇచ్చిన కొత్త టికెట్లను కూడా ఒకసారి చూసుకోండి. పీఎన్‌ఆర్ ఉంటే సరిపోదు, మనిషికో 13 అంకెల టికెట్ నంబర్ ఉండాలి. మొదటి మూడంకెలు ఎయిర్‌లైన్‌వి: ఎమిరేట్స్‌కు 176, ఖతార్‌కు 157, ఎయిర్ ఇండియాకు 098. ఆ నంబర్ లేకపోతే సీటు ఆపి ఉంచారంతే, టికెట్ ఇంకా జారీ కానట్టు. ఈ రోజే ఏజెంట్‌ను అడగండి.

కేసు కోసం ప్రయాణం వాయిదా వేసుకోకండి. ఫిర్యాదు వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే పెట్టవచ్చు, విచారణకు వీడియో ద్వారా హాజరవుతామని కమిషన్‌ను కోరవచ్చు. కాగితాల మీద సంతకాలు మాత్రం విమానం ఎక్కే ముందే చేసి, నమ్మకమైన వాళ్ల దగ్గర ఒక సెట్ ఉంచి వెళ్లండి. అమ్మాయికి సుఖంగా పురుడు పోసి రండి.