పాత టామ్రాన్ 150-600 ఉంది, జీ2కి మారొచ్చా?

మీ దగ్గర నికాన్ డీ7200 కెమెరా, దానికి మొదటి తరం టామ్రాన్ 150-600 ఎం.ఎం. జూమ్ లెన్స్ ఉన్నాయి. పులికాట్‌లో తీసిన ఫ్లెమింగోలు మెత్తగా, అంటే స్పష్టత లేకుండా, వస్తున్నాయి కాబట్టి పాతది అమ్మేసి జీ2, అంటే అదే లెన్స్ రెండో తరం, కొందామా అని అడిగారు. ఫ్లెమింగోల కోసమే అయితే వద్దండీ. నేను మారాను, ఇప్పుడు నా చేతిలో ఉన్నది జీ2నే. అయినా ఈ మాట అంటున్నానంటే, మీరు రాసిన సమస్య లెన్స్ మారిస్తే పోయేది కాదు.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచి పోతుంది కదా. అటకానితిప్ప దగ్గర ఆగి చూస్తే పక్షులు ఉండేది ఎక్కడో దూరంగా. ఎండ కాస్త ముదిరిందంటే లోతులేని నీళ్లూ, ఎండిన బురదా వేడెక్కి గాలి అలలు అలలుగా కదులుతుంది. ఆ గాలిలోంచి తీస్తే ఎంత ఖరీదైన లెన్స్ అయినా ఒకటే. పైగా డీ7200 చిన్న సెన్సర్ మీద 600 ఎం.ఎం. అంటే, పెద్ద (ఫుల్ ఫ్రేమ్) సెన్సర్ మీద 900 ఎం.ఎం. లెన్స్‌తో తీసినంత దగ్గరగా ఫ్రేమ్ వస్తుంది. పక్షి ఎంత పెద్దగా కనపడుతుందో గాలి కదలిక కూడా అంతే పెద్దగా కనపడుతుంది.

తప్పు గాలిదా, లెన్స్‌దా అని తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ఒకే పక్షిని వరసగా పది ఫ్రేములు తీయండి. కాళ్లు ఒక ఫ్రేములో ఒక వంపు, ఇంకో ఫ్రేములో మరో వంపు తిరిగి కనపడితే అది గాలే. తర్వాత ఇంటి దగ్గరే, ఎండ రాకముందు, ఇరవై ముప్పై మీటర్ల దూరంలో ఏదైనా షాపు బోర్డును ట్రైపాడ్ మీద నుంచి తీయండి. ఒకసారి వ్యూఫైండర్‌తో, ఒకసారి లైవ్ వ్యూతో, అంటే వెనక తెర మీద చూస్తూ. లైవ్ వ్యూలో అక్షరాలు స్పష్టంగా వచ్చి వ్యూఫైండర్‌లో మెత్తబడితే, డీ7200 మెనూలోనే ఆటోఫోకస్ గురిని కాస్త ముందుకో వెనక్కో జరిపే ఏఎఫ్ ఫైన్ ట్యూన్ ఉంది, దానితో సరిచేసుకోండి. పైసా ఖర్చు లేదు. రెండూ మెత్తగానే వస్తే అప్పుడు లెన్స్‌ను అనుమానించాలి. దానికి ముందు ఎఫ్/8లో కూడా ఒకసారి తీసి చూడండి (ఎఫ్ అంకె లెన్స్ రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నదై వెలుతురు తగ్గుతుంది). పాత లెన్స్ 600 దగ్గర ఎఫ్/6.3లో కాస్త నీరసంగా ఉంటుంది, ఎఫ్/8కి వచ్చేసరికి బాగా తేరుకుంటుంది.

కారులోంచి తీస్తుంటే ఇంజిన్ ఆపేయండి, ఏసీ కూడా కట్టేయండి. లోపలి చల్లగాలి కిటికీ దగ్గర బయటి వేడిగాలితో కలిసే చోట కూడా బొమ్మ చెదురుతుంది, ఈ సంగతి చాలామంది పట్టించుకోరు. కిటికీ అంచు మీద గుడ్డసంచిలో బియ్యం పోసి, దాని మీద లెన్స్ పెట్టుకోండి. (మా ఇంట్లో ఆ బియ్యం మళ్లీ వంటింట్లోకి రానివ్వరు, అది వేరే విషయం.) మీ లెన్స్ మీద ఫోకస్ లిమిటర్ స్విచ్ ఉంటుంది, దాన్ని 15 మీటర్ల నుంచి అనంతం వైపు పెట్టేస్తే ఫోకస్ ఊరికే ముందుకూ వెనక్కూ వెతుక్కోదు.

మరి నేనెందుకు మారానంటే, నేను ఎక్కువగా తిరిగేది తలకోన వైపు, శేషాచలం అడివిలో. అక్కడ చెట్ల నీడలో వెలుతురు ఉండదు, ట్రైపాడ్ విప్పేలోపు పిట్ట ఎగిరిపోతుంది, అంతా చేతిమీదే తీయాలి. ఆ పనికి జీ2 వీసీ, అంటే చెయ్యి వణుకును ఆపే ఏర్పాటు, స్పష్టంగా మెరుగ్గా ఉంది. కంపెనీ నాలుగున్నర స్టాపులని చెబుతుంది (ఒక్కో స్టాపుకు షట్టర్ వేగాన్ని సగానికి తగ్గించుకోవచ్చు). నాకు అంత రాలేదు గానీ పాతదానికన్నా నెమ్మది షట్టర్‌తో ధైర్యంగా తీయగలుగుతున్నాను. నేలపట్టులో గూడబాతులు గూళ్లకు పుల్లలు మోసుకొస్తూ దిగేటప్పుడు కూడా ఫోకస్ పక్షిని వదలకుండా పట్టుకుంటోంది. పాతదాంతో సగం ఫ్రేములు వెనకాల చెట్ల మీదికి పోయేవి. దగ్గరి ఫోకస్ 2.7 మీటర్ల నుంచి 2.2 మీటర్లకు వచ్చింది, సీతాకోకచిలుకలు తీసేవాళ్లకు అది పెద్ద తేడా. జూమ్ రింగును ముందుకు తోస్తే ఎక్కడ కావాలంటే అక్కడ లాక్ అవుతుంది కాబట్టి మెడకు వేలాడేసుకుని నడిచేటప్పుడు గొట్టం కిందికి జారిపోదు. బరువు మాత్రం తగ్గలేదు, అదే రెండు కిలోలు.

బొమ్మ స్పష్టతలో తేడా ఎంతంటారా? ఎఫ్/8లో రెండింటి ఫోటోలూ పక్కపక్కన పెట్టి ఏది దేనిదో చెప్పమంటే నేను చెప్పలేను.

లెన్స్‌కూ కెమెరాకూ మధ్య పెట్టి దూరాన్ని 1.4 రెట్లు దగ్గర చేసే 1.4 టెలికన్వర్టర్ వేసుకోవచ్చు కదా అని జీ2 కొనేవాళ్లున్నారు. లెక్క చూడండి: 840 ఎం.ఎం. వస్తుంది, వెలుతురు ఎఫ్/9కి పడిపోతుంది. డీ7200 ఆటోఫోకస్ ఎఫ్/8 వరకే, అదీ మధ్య పాయింటుతో. ఎగిరే పక్షుల మాట మర్చిపోవాల్సిందే.

ఇంకో రెండేళ్లలో మిర్రర్‌లెస్‌కు, అంటే లోపల అద్దం లేని కొత్తరకం కెమెరాకు, పోయే ఆలోచన ఉందా? ఉంటే ఇప్పుడు జీ2 మీద పెట్టే డబ్బు గురించి ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. టామ్రాన్ 150-500 నికాన్ మిర్రర్‌లెస్ కెమెరాల జెడ్ మౌంట్‌కు నేరుగా బిగేలా 2023లో వచ్చింది, జీ2కి లాగా అడాప్టర్ గొడవ లేదు. బాడీ మార్చనంటే, ఇతర కంపెనీల లెన్సే కావాలన్న పట్టింపు కూడా లేకపోతే, నికాన్ వాళ్లదే 200-500 ఎఫ్/5.6 సెకండ్ హ్యాండ్‌లో చూడండి. మీ డీ7200 మీద నేరుగా పనిచేస్తుంది, జూమ్ ఎంత లాగినా ఎఫ్/5.6 మారదు. జీ2 కన్నా కాస్త బరువు, అంతే.

ఇవన్నీ చూశాక కూడా జీ2నే తీసుకుంటానంటే, ట్యాప్-ఇన్ కన్సోల్, అంటే లెన్స్‌ను కంప్యూటర్‌కు కలిపి దాని ఫోకస్ దిద్దే పరికరం, కూడా కొనుక్కోండి. మీ కెమెరా లెన్స్‌కు ఒక్క సవరణే గుర్తుపెట్టుకుంటుంది. కన్సోల్‌తో దగ్గరకూ దూరానికీ, 150కీ 600కీ విడివిడిగా దిద్దుకోవచ్చు, ఫర్మ్‌వేర్ (లెన్స్ లోపలి సాఫ్ట్‌వేర్) కూడా ఇంట్లోనే ఎక్కించుకోవచ్చు. మీ పాతదానికి ఆ సౌకర్యం లేదు, సర్వీస్ సెంటర్‌కు పంపాల్సిందే. సెకండ్ హ్యాండ్‌లో కొంటే వెనక నుంచి టార్చి కొట్టి లోపల ఫంగస్ ఉందేమో చూడండి, మన వైపు అక్టోబర్ నుంచి డిసెంబర్ వానల్లో బీరువాలో పడి ఉన్న లెన్సులకు అది మామూలే. చెన్నైలో ఇలాంటి లెన్సులు రోజువారీ అద్దెకు దొరుకుతాయి. శని, ఆదివారాలకు ఒకటి తెచ్చుకుని, మొదటి రోజు తెల్లారేసరికి పులికాట్‌లో, రెండోరోజు తలకోనలో, మీ పాతదాన్ని కూడా పక్కన పెట్టుకుని తీయండి. పులికాట్ ఫోటోల్లో తేడా కనపడక, తలకోనవాటిలో కనపడితే, ఇకమీదట మీరు ఎక్కువగా ఎటు వెళ్తారన్నదే ప్రశ్న.