పాలమూరు నుంచి డాలస్: టికెట్టు మీద కనిపించని గంటలు

"మావాడు తెల్లవారుజామున నాలుగున్నరకు శంషాబాద్‌లో ఎక్కి, అదే రోజు సాయంత్రం ఐదింటికి డాలస్‌లో దిగుతాడట. అంటే పన్నెండున్నర గంటలేనా?" జడ్చర్ల, వనపర్తి వైపు తల్లిదండ్రులు ఆగస్టు వచ్చిందంటే నన్ను అడిగే మాట ఇది. కాదు, అది ఇరవై మూడు గంటల ప్రయాణం. టికెట్టు మీద వేసేది ఏ ఊరి సమయం ఆ ఊరిదే. మార్చి నుంచి నవంబరు దాకా డాలస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక ఉంటుంది, నవంబరు నుంచి మార్చి దాకా పదకొండున్నర. ఆ తేడా కలిపితేనే లెక్క సరిపోతుంది.

హైదరాబాద్ నుంచి డాలస్‌కు నేరుగా గీత గీస్తే సుమారు 14,400 కిలోమీటర్లు. గ్లోబు మీద దారం పెట్టి చూడండి, అది ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోతుంది. నేరుగా వెళ్లే విమానం లేదు కనుక దుబాయ్ మీదుగా అయితే నాలుగు గంటలు, అక్కడి నుంచి దాదాపు పదహారు గంటలు. తిరుగు ప్రయాణంలో గంటో గంటన్నరో తగ్గుతుంది. భూమి తిరగడం వల్ల అని కొందరంటారు, కారణం అది కాదు. పై ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే బలమైన గాలి వెనక నుంచి తోస్తుంది.

నాకు ఎక్కువ భయం తేదీ గురించే. శుక్రవారం 00:30 అని ఉంటే గురువారం రాత్రి తొమ్మిదిన్నరకల్లా విమానాశ్రయంలో ఉండాలి. శుక్రవారం రాత్రి అనుకుని సామాను సర్దుకుంటూ కూర్చుంటే విమానం వెళ్లిపోయి ఉంటుంది. మహబూబ్‌నగర్ నుంచి షాద్‌నగర్ మీదుగా ఎనభై కిలోమీటర్ల దాకా ఉంటుంది, రెండు గంటలు చేతిలో పెట్టుకోండి. నల్లగొండ వాళ్లు చౌటుప్పల్ దాటాక పెద్ద అంబర్‌పేట దగ్గర అవుటర్ రింగు రోడ్డు ఎక్కితే నగరంలోకి పోనక్కర్లేదు.

మధ్యలో ఆగే సమయం మూడు నాలుగు గంటలు ఉండేలా చూసుకోండి. న్యూయార్క్‌లోనో షికాగోలోనో విమానం మారితే ఇమిగ్రేషన్ అక్కడే అవుతుంది, పెట్టెలు కూడా అక్కడే తీసుకుని మళ్లీ అప్పగించాలి. రెండు గంటలు చాలవు. చదువుకోసం మొదటిసారి వచ్చే పిల్లలకు దుబాయ్ నుంచో దోహా నుంచో నేరుగా డాలస్‌లో దిగే దారే మంచిదని నా అభిప్రాయం. ఐ-20 (సీటు ఇచ్చిన కాలేజీ పంపే పత్రం), పాస్‌పోర్టు చేతిసంచిలోనే ఉండాలి. కోర్సు మొదలయ్యే తేదీకి ముప్పై రోజులకు మించి ముందుగా రానివ్వరు.

ఇక ఇక్కడ అమెరికాలో స్థిరపడుతున్నవాళ్లకు ఒక మాట. ఊరి నుంచి చెడు కబురు వచ్చినప్పుడు "పొద్దుటికల్లా వస్తా" అని చెప్పకండి. శుక్రవారం సాయంత్రం డాలస్‌లో ఎక్కితే శంషాబాద్‌లో దిగేది ఆదివారం తెల్లవారుజామునే. ఆ మాట ఇంట్లో వాళ్లకు ముందే స్పష్టంగా చెబితే, ఆగాలో కార్యం కానివ్వాలో వాళ్లు నిర్ణయించుకుంటారు. అంత తొందరలోనూ పాస్‌పోర్టులో వీసా గడువు చూసుకోండి. అది తీరిపోయి ఉంటే తిరిగి రావడానికి మళ్లీ కాన్సులేట్‌కు వెళ్లి వేయించుకోవాలి, ఆఫీసులో సెలవు ఆ లెక్కతో అడగండి.